ఉగాది భోజనాలకు పాత పూల పింగాణీ: బల్ల ఎలా సర్దాలి, దేంట్లో ఏది వడ్డించకూడదు?

మల్లెపందిరి (చర్చ మొదలు)

అందరికీ నమస్కారం. ఈసారి ఉగాది మార్చి 19, గురువారం వచ్చింది. భోజనాలు 21 శనివారం మధ్యాహ్నం పెట్టుకుంటున్నాం. ఊరు న్యూజెర్సీ. ఎనిమిది మందిమి. బల్ల 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. ఇంట్లో ఉన్న పాత పూల సామాను ఇదీ:

ఫ్రాన్సిస్కన్ బ్రాండు డెజర్ట్ రోజ్ డిజైను పెద్ద ప్లేట్లు 6 (పదిన్నర అంగుళాలు), మూత ఉన్న కూర గిన్నె 1. వెనక కాలిఫోర్నియా ముద్ర ఉంది.
రాయల్ ఆల్బర్ట్ కంపెనీ ఓల్డ్ కంట్రీ రోజెస్ డిజైను కప్పులు 5, సాసర్లు 8, పాలగిన్నె, మూత పోయిన చక్కెర గిన్నె. వెనక 1962 అని ఉంది.
ఒళ్లంతా చిన్నచిన్న పూలు అచ్చువేసిన షింట్జ్ కేకు పళ్లెం 1. దాని మీద సాలెగూడు లాంటి సన్న గీతలున్నాయి.

వంటలు: ఉగాది పచ్చడి, బొబ్బట్లు, పులిహోర, గారెలు, మామిడికాయ పప్పు, వంకాయ కూర, చారు, పెరుగు, పరమాన్నం. మూడు సెట్లూ కలిపి బల్ల మీద పెట్టొచ్చా? పెద్ద ప్లేట్లు ఆరే ఉన్నాయి, మిగతా ఇద్దరికీ ఏం చేయాలి?

---

పింగాణీ పెట్టె

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోండి. సర్దుడు సంగతి తర్వాత. ఈ మూడూ ఒక జాతివి కావు.

డెజర్ట్ రోజ్ 1941లో కాలిఫోర్నియాలో గ్లాడింగ్ మెక్‌బీన్ వాళ్లు మొదలుపెట్టారు. మట్టి ఒళ్లు, దాని మీద ఉబ్బెత్తు గులాబీలు, చేత్తో వేసిన రంగు, ఆ పైన గ్లేజు, అంటే గాజులాంటి మెరుపు పూత. అంచు గోధుమరంగు కొమ్మలా ఉంటుంది, గిన్నె మూత పట్టుకునే చోట గులాబీ మొగ్గ ఉంటుంది. 1984లో అక్కడి కార్ఖానా మూతపడి తయారీ ఇంగ్లండ్‌కు పోయింది. వెనక కాలిఫోర్నియా ఉంటే అంతకు ముందుదే.

ఓల్డ్ కంట్రీ రోజెస్ బోన్ చైనా. ఈ రకంలో దాదాపు సగం పాళ్లు ఎముక బూడిద, మిగతా సగం తెల్లమట్టి, చైనా స్టోన్ అనే రాతిపొడి. అందుకే పల్చగా ఉన్నా గట్టిగా ఉంటుంది. కప్పును దీపానికి ఎదురుగా పట్టుకుని వెనక వేళ్లు ఆడించండి, నీడ కనిపిస్తుంది. డెజర్ట్ రోజ్‌లో అది కనిపించదు. ఇక ఆ 1962 ఆ డిజైను హక్కు నమోదైన సంవత్సరం. మీ కప్పు 1985లో తయారైనా అదే అంకె ఉంటుంది. అమ్మేవాళ్లు చాలామంది దాన్నే తయారీ సంవత్సరంగా చెప్పేస్తారు, నమ్మకండి.

షింట్జ్ పళ్లెం కూడా మట్టి ఒళ్లే. అంచు వంపుల దగ్గర, మూలల్లో వేలితో తడిమి, భూతద్దంతో చూడండి. పూల అచ్చు కాగితం రెండు ముక్కలు కలిసిన అతుకు గీత దొరుకుతుంది. పూలు అక్కడ సగానికి తెగి ఉంటాయి. అది లోపం కాదు, ఆ పని పద్ధతే అంత.

---

వేపపూత

మీ వంటల పట్టిక చూశాను. అందులో సగం పులుపు. పాత పూల సామానుకు అసలు పేచీ అక్కడే.

పాత గ్లేజుల్లో సీసం వాడేవారు. గ్లేజు తక్కువ వేడికి కరగడానికి, రంగులు నిగనిగలాడడానికి. సరిగ్గా కాలిన గ్లేజులో సీసం గాజులో బిగుసుకుని ఉంటుంది. పులుపు, వేడి, నానే సమయం, ఈ మూడూ కలిస్తే కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. చింతపండు, మామిడికాయ, నిమ్మకాయ, పెరుగు, టమాటా చారు అన్నీ పులుపు కిందికే వస్తాయి. ఉగాది పచ్చడిలో చింతపండు, పచ్చిమామిడి రెండూ ఉన్నాయి, పైగా పొద్దున కలిపి మధ్యాహ్నం దాకా ఉంచుతాం.

ప్రయోగశాలలో దీన్ని పరీక్షించేది కూడా పులుపుతోనే. గిన్నెలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి, గది వేడిమిలో 24 గంటలు ఉంచి, దిగిన సీసాన్ని కొలుస్తారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చర్య తీసుకునే హద్దులు చూడండి: చదును పళ్లేలకు మిల్లీలీటరుకు 3 మైక్రోగ్రాములు, చిన్న లోతు గిన్నెలకు 2, పెద్ద గిన్నెలకు 1, కప్పులకు 0.5. కప్పుకు అంత కట్టుదిట్టం ఎందుకంటే అందులో వేడి ద్రవం ఉంటుంది, రోజూ తాగుతారు. ఈ హద్దులు 1970ల మొదట్లో వచ్చి క్రమంగా బిగిసినవి. అంతకు ముందు చేసిన సామాను ఈ హద్దులకు లోబడి చేసింది కాదు.

ఇంట్లో పుల్లతో రుద్ది చూసే పరీక్ష ఎర్రబారితే సీసం ఉన్నట్టు. ఎర్రబారకపోతే లేదని మాత్రం కాదు. తుపాకీలా పట్టుకుని చూసే ఎక్స్-రే యంత్రం సామాను ఒంట్లో మొత్తం ఎంత సీసం ఉందో చెబుతుంది కానీ అన్నంలోకి ఎంత దిగుతుందో చెప్పదు. ఈ రెండిటికీ తేడా తెలియకపోవడం వల్లే ఒకరు అనవసరంగా భయపడతారు, ఇంకొకరు అనవసరంగా ధైర్యపడతారు.

నా మాట ఒకటే. డెజర్ట్ రోజ్, షింట్జ్ రెండిటి మీదా తడి, పులుపు నేరుగా పడకూడదు. గ్లేజు సున్నంలా పాలిపోయినా, పూల రంగు అరిగినా, గీతలు బారినా పొడి పదార్థం కూడా పెట్టొద్దు. చిన్నపిల్లలకు, గర్భిణులకు అస్సలు వద్దు.

---

గరిటె

వేపపూత గారు చెప్పింది నిజమే కానీ, అంతమాత్రాన సామాను బీరువాలోనే ఉంచేయక్కర్లేదు. పూల ప్లేటు మీద 9 అంగుళాల తేట గాజు పళ్లెం పెట్టండి. తినేది గాజులో. అడుగున గులాబీలు, చుట్టూ ముప్పావు అంగుళం అంచు కనిపిస్తూనే ఉంటాయి.

గాజు పింగాణీ మీద జారుతుంది, గీత కూడా పడుతుంది. గాజు పళ్లెం అడుగున పారదర్శక సిలికాన్ బొట్లు మూడు అంటించండి. అల్మారా తలుపులకు చప్పుడు రాకుండా వేసేవి, ఏ ఇనుప సామాను దుకాణంలోనైనా దొరుకుతాయి. బొట్లు గాజుకే అంటించాలి, పాత ప్లేటుకు కాదు. తీసేటప్పుడు జిగురు గ్లేజును లాగేస్తుంది.

ఆ గాజు మీద గుండ్రంగా కోసిన అరిటాకు వేస్తే ఇక చెప్పక్కర్లేదు. అక్కడి దుకాణాల్లో ఆకు గడ్డకట్టించి అమ్ముతారు. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో కిందికి దించి పెట్టండి. పొద్దున తడిగుడ్డతో తుడిచి, సన్నసెగ మీద ఒక్కో చోట రెండు మూడు సెకన్లు ఆడించండి. ఆకు మెరుస్తుంది, మెత్తబడుతుంది, వంచితే చీలదు. ఈనె తీసేసి, 8 అంగుళాల మూత బోర్లించి చుట్టూ కత్తెరతో కోయండి. గడ్డకట్టిన ఆకు కరిగాక రంగు కాస్త ముదురుతుంది, పాడైందని పారేయకండి.

ఒక్క హెచ్చరిక. గాజు లేకుండా ఆకునే నేరుగా పాత ప్లేటు మీద వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. చారు ఆకు అంచు దాటి కిందికి పోతుంది, ఆకుకూ ప్లేటుకూ మధ్య నిలిచిపోతుంది. మీరు తినేది అరగంటైతే అది నానేది కడిగే దాకా.

---

మల్లెపందిరి

గాజు ఆలోచన చాలా బాగుంది. ఎనిమిది గాజు పళ్లేలు తెచ్చుకుంటాను. మరి ఆ రెండు ప్లేట్ల కొరత? బల్ల చివర్ల కూర్చునే ఇద్దరికీ రాయల్ ఆల్బర్ట్‌లో పెద్ద ప్లేటు ఏదైనా కొననా?

---

పింగాణీ పెట్టె

కొనకండి. డెజర్ట్ రోజ్ ఒళ్లు మీగడ రంగు, అంచు గోధుమరంగు. రాయల్ ఆల్బర్ట్ ఒళ్లు తెలుపు, అంచు బంగారు గీత. పక్కపక్కన పెడితే తెలుపు ముందు మీగడ రంగు మాసినట్టు కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి పెడితే మరీను. పూలు రెండిటిలోనూ గులాబీలే కదా అని కలుపుతారు. కంటికి ముందు తగిలేది పువ్వు కాదు, ఒంటి రంగూ అంచూ.

చివర్ల ఇద్దరికీ మీగడ రంగు సాదా ప్లేట్లు పెట్టండి, పూలు లేనివి. పైన అదే గాజు, అదే ఆకు. బల్ల పొడవునా ఆరు పూల ప్లేట్లు, చివర్ల రెండు సాదావి. కావాలని చేసినట్టే ఉంటుంది. రాయల్ ఆల్బర్ట్ వంతు భోజనం అయ్యాక. పక్క బల్ల మీద విడిగా కాఫీకి.

---

కొలతల కాగితం

బల్ల లెక్క చెబుతాను. పొడుగు వైపు 72 అంగుళాలు, ముగ్గురు, తలకు 24. ఇది కనీసం. ప్లేటు అంచు బల్ల అంచుకు 1 అంగుళం లోపల పెడితే అటూ ఇటూ కలిపి 23 అంగుళాలు పోతుంది. వెడల్పు 36లో నడుమ మిగిలేది 13 అంగుళాలే.

ఇబ్బంది మూలల్లో వస్తుంది. చివర కూర్చున్న వారి ప్లేటు పదిన్నర అయితే దానికీ పక్క వరస ప్లేటుకూ మధ్య బల్ల వెడల్పు వైపు ఎడం అంగుళం పావు. గ్లాసు పట్టదు, మోచేతులు తగులుతాయి. చివర్ల ఇద్దరికీ సాదా ప్లేటు 9 అంగుళాలది తీసుకుంటే ఆ ఎడం 2 అంగుళాలు అవుతుంది. వాళ్లకు గాజు పళ్లెం 8 అంగుళాలది చాలు, ఆకు 7. అంటే పెద్ద గాజు పళ్లేలు ఆరు, చిన్నవి రెండు తెచ్చుకోండి. వరసలో మొదటి, చివరి వాళ్ల ప్లేట్లు కూడా అంగుళం చొప్పున మధ్యకు జరపండి.

నడుమ 13 అంగుళాల పట్టీ, సుమారు 4 అడుగుల పొడవు. అందులో వంటల గిన్నెలు పెట్టాలని చూడకండి. పూలకే సరి.

---

గరిటె

అవును, మన భోజనానికి గిన్నెలు బల్ల మీద తిప్పుకోవడం కుదరదు. కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచేత్తో వడ్డించుకోవడం పెద్దవాళ్లకు నచ్చదు. గిన్నెలన్నీ గోడవార పక్క బల్ల మీద పెట్టి ఒకరు వడ్డించాలి. అందుకే గరిటె కాడ పొడుగ్గా ఉన్నది చూసుకోండి.

గ్లాసు ఎడమవైపు పెట్టండి. ఇంగ్లిషు పుస్తకాల బొమ్మల్లో గ్లాసు కుడి పైన ఉంటుంది, అది ఫోర్కుతో తినేవాళ్లకు. చేత్తో తినేవాళ్లు నీళ్లు తాగేది ఎడమచేత్తోనే. కుడివైపు ఒక్క చెంచా చాలు, పరమాన్నానికి. ఫోర్కు, కత్తి ఊరికే పెట్టి చోటు నింపొద్దు.

ఏది దేంట్లో అంటే:

ఉగాది పచ్చడి: చిన్న గాజు కప్పుల్లో ఒక్కొక్కరికి రెండు మూడు చెంచాలు. ఆ గాజు కప్పును రాయల్ ఆల్బర్ట్ సాసర్ మధ్య గుంటలో కూర్చోబెట్టండి. సాసర్లు ఎనిమిది ఉన్నాయి కదా. కప్పు అడుగు కొలిచి తెచ్చుకోండి, గుంట కంటే పెద్దదైతే కదులుతుంది. సాసర్ ప్లేటుకు ఎడమ పైన ఉండాలి, దాని తెలుపు మీగడ రంగుకు తగలకుండా రెండు అంగుళాలు ఎడంగా.
పులిహోర, మామిడికాయ పప్పు, చారు, పెరుగు: స్టీలు లేదా గాజు. ఇందులో రాజీ లేదు.
వంకాయ కూర: డెజర్ట్ రోజ్ మూతగిన్నెలో పెట్టాలని ఉంటే లోపల సరిపడే ఓవెన్ గాజు గిన్నె దించండి. మూత మాత్రం వేయకండి, ఆవిరి చెమ్మ మూత లోపలి గ్లేజు మీద నుంచి కూరలోకి కారుతుంది.
గారెలు: స్టీలు పళ్లెంలో కాగితం వేసి.
బొబ్బట్లు: షింట్జ్ పళ్లెం మీద. నేరుగా కాదు. బేకింగ్ కాగితం రెండు పొరలు, పైన అరిటాకు, చల్లారిన బొబ్బట్లు. వేడిగా పెడితే నెయ్యి కరిగి కాగితం అంచు దాటుతుంది, ఆ సన్న గీతల్లోకి దిగిందంటే ఇక రాదు. కొన్నాళ్లకు పాత నూనె వాసన కూడా వస్తుంది.

చేతులు కడుక్కునే గిన్నెలు పెడితే గోరువెచ్చని నీళ్లు గాజు గిన్నెల్లోనే పోయండి. నిమ్మచెక్క వేస్తాం కాబట్టి.

---

కృష్ణాతీరం

షింట్జ్ పళ్లెం గురించి ఒక మాట. ఆ పేరు మన వైపు బట్టది. చీటీ గుడ్డ అంటామే, అదీ ఇదీ ఒకటే మాట. మచిలీపట్నం నుంచి కోరమాండల్ తీరం పొడవునా చేతి రంగులద్దిన పూల బట్ట ఓడలెక్కి యూరప్‌కు పోయేది. ఇంగ్లిషు కంపెనీ బందరులో 1611లోనే వర్తక స్థానం పెట్టింది. ఆ బట్టకు అక్కడ ఎంత గిరాకీ వచ్చిందంటే సొంత నేతగాళ్లు గోలపెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకటి, 1721లో ఇంకొకటి చట్టాలు చేసింది. నిషేధాలు పోయాయి, పూలు నిలిచాయి. 1920లు మొదలుకుని 1950ల దాకా ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్ ఊరి కుండల కార్ఖానాలు అవే దట్టమైన పూలను పళ్లేల మీద అచ్చువేశాయి. రాయల్ వింటన్ వాళ్లవి అందులో పేరుపడ్డవి. అరంగుళం ఖాళీ లేకుండా పువ్వు, తీగ, ఆకు అల్లుకుపోవడం చూడండి. పెడన అద్దకంలోనూ అదే ఒద్దిక.

అందుకే ఈ బల్ల మీద కలంకారీ ఉండాలంటాను. అయితే బల్లంతా పరిస్తే పూల మీద పూలు పడి ఏదీ కనిపించదు. కిందంతా సాదా మీగడ రంగు నూలు గుడ్డ, పొందూరు ఖాదీ అయితే మరీ మంచిది. చుట్టూ 10 అంగుళాలు వేలాడాలంటే 92 అంగుళాల పొడవు, 56 వెడల్పు. ఉతికితే కుదించుకుంటుంది కాబట్టి మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ తీసుకోండి. పెడన అద్దకం నడుమ పట్టీగా, 12 అంగుళాల వెడల్పు. కొలతల కాగితం గారు చెప్పిన 13లో సరిపోతుంది, ప్లేట్ల కిందికి పోదు.

కొత్త అద్దకం గుడ్డను రెండుసార్లు విడిగా చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేశాకే తెల్లగుడ్డ మీద వేయండి, లేకపోతే చెమ్మ తగిలిన చోట ఎరుపు దిగుతుంది. కలంకారీ నలుపు ఇనుము, బెల్లం నీళ్లు, కరక్కాయ కలిసి వచ్చే రంగు. దానికి పులుపు పడదు. పచ్చడి ఒలికితే వెంటనే చన్నీళ్లతో అద్దండి, ఆలస్యమైతే నల్లగీత పాలిపోతుంది.

---

మల్లెపందిరి

చీటీ గుడ్డ సంగతి తెలియదు, ఎంత బాగా చెప్పారు! పట్టీ దొరికింది, ఎరుపు నలుపు మీద చిన్న పూలు. ఇక పూల సంగతి. మార్చి మూడో వారంలో ఇక్కడ పెద్దగా ఏవీ పూయవు. మల్లెలు దుకాణంలో దొరికితే అదృష్టం.

---

చలిదేశం చామంతి

పసుపు రంగు చుట్టూ ఆలోచించండి. డెజర్ట్ రోజ్ పువ్వు మధ్యలో పసుపుంది, రాయల్ ఆల్బర్ట్‌లో పసుపు గులాబీ ఉంది. రెండు సెట్లనూ కలిపే రంగు అదే. గులాబీ రంగు పూలు తెస్తే ప్లేటు మీది గులాబీ వెలిసినట్టు కనిపిస్తుంది.

ఫోర్సిథియా అని వసంతంలో పసుపు పూలు పూసే పొద ఉంది, దాని కొమ్మలు ఇంట్లో ముందుగా పూయించుకోవచ్చు. మొగ్గలు ఉబ్బిన కొమ్మలు మార్చి 8, 9 తేదీల్లో, చలి కాస్త విరిగిన రోజున కోయండి. కాడ అడుగు ఏటవాలుగా కోసి అంగుళం మేర చీల్చి గోరువెచ్చని నీళ్లలో పెట్టండి. గదిలో ఎండ నేరుగా పడకుండా ఉంచి రెండు రోజులకోసారి నీళ్లు మార్చితే పది పన్నెండు రోజుల్లో పూస్తాయి. మరీ ముందు విచ్చుకునేలా ఉంటే చల్లని గదిలోకి మార్చండి.

డాఫొడిల్స్ మొగ్గలుగా కొనండి. వాటి కాడ నుంచి జిగురు కారుతుంది, అది ట్యులిప్‌లను వాడ్చేస్తుంది. విడిగా ఒక రాత్రంతా నీళ్లలో ఉంచి, ఆ నీళ్లు పారబోసి, కాడ మళ్లీ కోయకుండా కలపండి. కోస్తే జిగురు మళ్లీ మొదలు.

హయసింత్ వద్దు. ఆ వాసన పోపు వాసనను మింగేస్తుంది. ఎత్తు బల్ల నుంచి 10 అంగుళాలు దాటకూడదు, ఎదుటివారి మొహం కనపడాలి. మూతపోయిన చక్కెర గిన్నె, పాలగిన్నె పూలకు చక్కగా ఉంటాయి. నడుమ పట్టీ మీద చెరో చివర పెట్టండి, మీగడ రంగు ప్లేట్లకు ఎడంగానే ఉంటాయి. అయితే లోపల చిన్న గాజు గ్లాసు పెట్టి నీళ్లు అందులో పోయండి, కాడలు బంగారు అంచును గీకకుండా.

విషప్పూలు తిండికి తగలనివ్వద్దు. డాఫొడిల్, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ, మన గన్నేరు మూడూ విషమే. బొబ్బట్ల పళ్లెం మీద అలంకారానికి వేపరెమ్మ, మామిడాకు చాలు. మందు కొట్టనివైతేనే.

---

కొత్తకుండ

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. పూల ప్లేటు వెనక ఉత్త "జపాన్" అని ఉంటే ఎప్పటిది?

---

పింగాణీ పెట్టె

అమెరికాకు పోయే సరుకు మీద దేశం పేరు ఇంగ్లిషులో ఉండాలనే నియమం 1891 నుంచి ఉంది. మొదట్లో "నిప్పన్" అని రాసేవారు, 1921లో అది చెల్లదన్నారు, అప్పటి నుంచి "జపాన్". "ఆక్రమిత జపాన్" అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1952 లోపలిది. ఉత్త "జపాన్" అంటే 1921 తర్వాతది అని మాత్రమే చెప్పగలం. ఇక పేరు, గుర్తు చూసి విడిగా అడగండి, వేరే చర్చ పెట్టుకుందాం.

---

అద్దాల బీరువా

బల్ల మీదికి వచ్చే ముందు పరీక్ష, దిగాక కడుగుడు. ఎక్కువ సామాను పగిలేది ఈ రెండు చోట్లే, భోజనంలో కాదు.

ముందు వారంలోనే ప్రతి ప్లేటును ఎడమ అరచేతి మీద నిలిపి కుడి గోటితో అంచు మీద కొట్టండి. ఒకే సెట్టులోవి ఒకదానితో ఒకటి పోల్చండి. అయిదు ఖంగుమని, ఒకటి టప్పుమని పలికితే ఆ ఒక్కదానిలో వెంట్రుక పగులు ఉంది. మట్టి ఒంటి సామాను బోన్ చైనా అంత మోగదు, కాబట్టి ఆ రెండూ పోల్చొద్దు. సాలెగూడు గీతలు వేరు, పగులు వేరు. గీతలు గ్లేజు వరకే ఉంటాయి, వల లాగా. పగులు ఒక్క గీతగా అంచు నుంచి మొదలై వెనక కూడా కనిపిస్తుంది. పగులున్నది గోడకు వేలాడదీయడానికే.

ఆ వల గీతలు ఎందుకు వస్తాయంటే, మట్టి ఒళ్లు ఏళ్ల తరబడి గాలిలో చెమ్మ పీల్చి కొద్దిగా ఉబ్బుతుంది, గాజు లాంటి గ్లేజు ఉబ్బలేక చిట్లుతుంది. చల్లటి ప్లేటు మీద మరిగేది పెట్టినా అంతే.

కడిగేది ప్లాస్టిక్ తొట్టిలో, అడుగున తువాలు పరిచి, గోరువెచ్చని నీళ్లతో, ఒక్కోసారి ఒక్కటే. కొళాయిని పక్కకు తిప్పేయండి. కప్పును చెవి పట్టుకుని ఎత్తకండి, గిన్నె కింద చెయ్యి పెట్టండి. ఉంగరాలు తీసేయండి. డిష్‌వాషర్‌లో వద్దు, అందులో సబ్బు ఘాటుగా క్షారంతో ఉంటుంది, బంగారు గీతను, గ్లేజు మీద వేసిన రంగును తినేస్తుంది. బంగారు అంచున్నది మైక్రోవేవ్‌లో పెడితే మెరుపులు వస్తాయి, అంచు మాడిపోతుంది.

పసుపు మరక సంగతి. సబ్బు తగలగానే ఎర్రగా మారితే కంగారుపడకండి, పసుపు క్షారంలో ఎరుపెక్కుతుంది, కడిగితే మళ్లీ పసుపు. మరక మిగిలితే ప్లేటును తుడిచి రెండు మూడు రోజులు ఎండ తగిలే కిటికీలో పెట్టండి. ఎండకు పసుపు రంగు విరిగిపోతుంది. రుద్దడం కంటే ఇదే మేలు.

గీతల్లోకి దిగిన గోధుమరంగు మరకకు, బంగారం లేని, అతుకు లేని మట్టి ప్లేటైతే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో మూత పెట్టి ఒకటి రెండు రోజులు నానబెట్టొచ్చు. తర్వాత మంచినీళ్లలో ఒక రోజు. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ మాత్రం వద్దు. అందులోని ఉప్పు మట్టిలోకి దిగి, ఆరినప్పుడు గడ్డకట్టి గ్లేజును పెచ్చులుగా లేపేస్తుంది.

---

వేపపూత

పెరాక్సైడ్‌తో మరక పోతుంది, గీత పోదు. తెల్లబడిందని ఆ షింట్జ్ పళ్లెం తినడానికి పనికొస్తుందని అనుకోవద్దు.

---

అద్దాల బీరువా

నిజం. చూపుకే శుభ్రం.

---

మల్లెపందిరి

ఆరు ప్లేట్లూ గోటితో కొట్టి చూశాను, ఒకటి టప్పుమంది. అంచు దగ్గర అంగుళంన్నర గీత, వెనక కూడా ఉంది. అంటే పూల ప్లేట్లు అయిదే. ఇప్పుడు వరస?

---

కొలతల కాగితం

అయిదు పెట్టకండి, ఒక వరసలో మూడు, ఇంకో వరసలో రెండు వస్తే కన్ను ఆ ఖాళీ మీదికే పోతుంది. నాలుగు పెట్టండి. వరసకు రెండు పూలవి, అటూ ఇటూ కూర్చునేవాళ్లకు. నడుమ వారికీ, చివర్ల ఇద్దరికీ మీగడ రంగు సాదావి. మొత్తం నాలుగు పూలు, నాలుగు సాదా. నడుమ వారికి పదిన్నర అంగుళాల సాదా ప్లేటే తీసుకోండి, లేకపోతే వరస అంచు కలవదు. అయిదోది పక్క బల్ల మీద తమలపాకుల కింద పెట్టొచ్చు.

---

మల్లెపందిరి

అలాగే చేస్తాను. ఆఖరి ప్రశ్న, ఆ రాత్రే కడిగి బీరువాలో పెట్టేయొచ్చా?

---

అద్దాల బీరువా

వద్దండి. ప్లేటు బోర్లిస్తే అడుగున గుండ్రంగా గరుకు వలయం కనిపిస్తుంది, చాలా పాత ప్లేట్లలో అక్కడ గ్లేజు ఉండదు. మట్టి నీళ్లు పీల్చేది అక్కడి నుంచే. గుడ్డతో తుడిచాక పైకి పొడిగా ఉంటుంది కానీ లోపల చెమ్మ ఉంటుంది. తువాలు మీద ఏటవాలుగా నిలబెట్టి 24 గంటలు, షింట్జ్ పళ్లేన్ని రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత ఒక్కో ప్లేటు మధ్య ఫెల్టు గుడ్డ గానీ సాదా తెల్ల కాగితం పళ్లెం గానీ పెట్టి ఎనిమిదికి మించకుండా పేర్చండి. వార్తాపత్రిక వద్దు, సిరా గీతల్లోకి దిగుతుంది. కప్పులు ఒకదానిలో ఒకటి దూర్చకండి, చెవికి కొక్కెం తగిలించి వేలాడదీయకండి.